షుగర్ చీటీతో ఆగిపోవద్దు

(ఆదివాసీ దినోత్సవం నాడు మన సంఘం సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇప్పుడే థింసా ఆడి వచ్చారు, ఇంకా ఆయాసం తీరలేదు. ఇలాంటప్పుడు జబ్బుల గురించి మాట్లాడితే ఎవరికీ రుచించదని మాకు తెలుసు. అయినా సంఘం వాళ్లు హాస్టల్ తరఫున నాలుగు మాటలు చెప్పమన్నారు. చదువుకోండి, ఉద్యోగాలు తెచ్చుకోండి అని ప్రతి ఏడాదీ చెబుతూనే ఉన్నాం. ఈసారి మీ చదువు మీ ఇంట్లో ఈ వారమే ఎలా అక్కరకు వస్తుందో చెబుతాం.

మేము డాక్టర్లం కాదు. బీఈడీ చదివి, పాఠాలు చెప్పి, ఇప్పుడు హాస్టల్ చూసుకుంటున్నవాళ్లం. ఈ విషయం మాకు పుస్తకాల్లో తెలియలేదు. మా వంటింట్లో తెలిసింది.

మీలో చాలామంది మా హాస్టల్లో తిని పెరిగినవాళ్లే. మా వంట అప్ప మీకు గుర్తుండే ఉంటుంది. మేము అప్పా అంటాం, పిల్లలు పెద్దమ్మా అంటారు. తెల్లవారుజామున నాలుగింటికే పొయ్యి దగ్గర ఉండేది. ఆమెకు షుగర్ ఉందని ఎనిమిదేళ్ల కిందట తెలిసింది. దాచుకోలేదు, భయపడలేదు. నెలనెలా పీహెచ్‌సీకి వెళ్లి మాత్రలు తెచ్చుకునేది. వేలు గుచ్చి చూసిన చీటీలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో దాచేది. షుగర్ కొంచెం అటూఇటూగా ఉన్నా పెద్దగా ఎప్పుడూ పెరగలేదు. అందుకే అంతా బాగానే ఉందని ఆమె అనుకుంది, మేమూ అనుకున్నాం.

రోజంతా నిలబడే పని కదా, మోకాళ్లు నొప్పులు పుట్టేవి. సంతలో దొరికే నొప్పి మాత్రలు వేసుకునేది. అవి అయిపోయిన రోజు మా ఆఫీసు గదికి వచ్చి, "మేడమ్ గారూ, ఒక మాత్ర ఉంటే ఇవ్వండి" అనేది. బీరువా తీసి ఇచ్చేవాళ్లం. మంచే చేస్తున్నామనుకున్నాం.

తర్వాత కాళ్లు వాచాయి. మెట్టెలు బిగుసుకుపోతే సబ్బు రాసి తీసింది. పనెక్కువైందని నవ్వేసింది. అన్నం సయించడం లేదంది. ఆ రోజుల్లోనే ఆమె షుగర్ బాగా తగ్గింది. ఒకటి రెండుసార్లు మరీ పడిపోయి చెమటలు పట్టి కూర్చుండిపోయింది. "చూశావా అప్పా, పథ్యం బాగా చేస్తున్నావు" అని మెచ్చుకున్నాం కూడా. ఆ తగ్గడమే ప్రమాద సూచన అని మాకు తెలియదు. కిడ్నీలు బాగా దెబ్బతింటే ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు ఒంట్లోంచి త్వరగా బయటికి పోవు. వాటి పని ఎక్కువసేపు సాగుతుంది, షుగర్ దానంతటదే దిగిపోతుంది. చూసేవాళ్లకు జబ్బు నయమవుతున్నట్టు ఉంటుంది.

ఒక రాత్రి ఊపిరాడక లేచి కూర్చుంది. అంబులెన్సులో ఘాట్ దించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. రెండు కిడ్నీలూ పనిచేయడం లేదన్నారు. అక్కడి డాక్టరు ఒకే ఒక ప్రశ్న అడిగారు: "మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో ఎప్పుడైనా పరీక్ష చేయించారా?"

ప్లాస్టిక్ సంచి విప్పాం. ఎనిమిదేళ్ల చీటీలు ఒక్కొక్కటే తిరగేశాం. ప్రతి చీటీలోనూ షుగర్ ఉంది. మూత్రం పరీక్ష ఒక్కటీ లేదు. ఆమె కొడుకు డిగ్రీ చదివాడు, పట్నంలో పని చేస్తున్నాడు. ఆ కాగితాలు చేతిలో పట్టుకుని, "చదవడం వచ్చు మేడమ్, ఏం చదవాలో తెలియలేదు" అన్నాడు.

ఆ మాట కోసమే ఈ రోజు ఇక్కడ నిలబడ్డాం. ఏం చదవాలో మీకు చెబుతాం.

ముందు కిడ్నీ ఏం చేస్తుందో చూద్దాం. నడుముకు కొంచెం పైన, వెన్నుకు అటొకటి ఇటొకటి, పిడికిలంత ఉంటాయి. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలు ఉంటాయి. రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్లు వడకడతాయి. మన హాస్టల్ బాత్‌రూముల దగ్గర నీలం డ్రమ్ము ఉంది చూశారా, అది 200 లీటర్లది. దాదాపు అంత. అందులో పనికొచ్చే నీటిని, ఉప్పులను తిరిగి రక్తంలోకి పంపేసి, ఒకటిన్నర రెండు లీటర్లు మాత్రం మూత్రంగా వదులుతాయి. బీపీని అదుపులో పెట్టడం, రక్తం తయారీకి సాయం చేయడం కూడా వాటి పనే.

చోడిపిండి జల్లెడ పట్టేటప్పుడు ఏం చేస్తాం? పిండి కిందికి పోవాలి, పొట్టు పైన ఉండాలి. కిడ్నీ జల్లెడలో చెడు కిందికి పోవాలి, ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పైన, అంటే రక్తంలో ఉండిపోవాలి. రక్తంలో షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ జల్లెడల మీద ఒత్తిడి పెరిగి కన్నాలు వదులవుతాయి. ఆల్బుమిన్ కొంచెం కొంచెం మూత్రంలోకి కారుతుంది. బీపీ కూడా తోడైతే ఇంకా తొందరగా పాడవుతాయి. కొన్నాళ్లకు ఆ జల్లెడలు మచ్చకట్టి మూసుకుపోతాయి. మూసుకుపోయినవాటి పని మిగిలినవి నెత్తినేసుకుంటాయి. అందుకే మనిషికి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు. మూత్రం మామూలుగానే వస్తుంది. కాళ్లవాపు, ఆయాసం, వాంతులు కనిపించేసరికి చాలా భాగం పోయి ఉంటుంది. మన కొండల్లో జబ్బు ముదిరితేనే డోలి కడతాం. ఈ జబ్బు డోలి కట్టే రోజు దాకా నోరు విప్పదు.

షుగర్ ఉన్నవాళ్లలో సుమారు ముగ్గురిలో ఒకరికి కిడ్నీ దెబ్బతినే అవకాశం ఉంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు సుమారు 10 కోట్ల మంది. "అది పట్నం వాళ్ల జబ్బు, లావుగా ఉన్నవాళ్ల జబ్బు" అని మన ఊళ్లలో ఇంకా అంటారు. సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది. మా అప్ప ఎప్పుడూ సన్నగానే ఉండేది.

ఇంకో మాట కూడా వింటుంటాం. "కిడ్నీ జబ్బు ఉద్దానంలో కదా, మనకెందుకు?" శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువన్నది నిజం. షుగర్ లేని రైతులకు, కూలీలకు కూడా అక్కడ వస్తోంది. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అందుకే 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. మనం చెప్పుకునేది దానికి వేరు. షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బుకు కారణం తెలుసు, కనిపెట్టే పరీక్ష తెలుసు, నెమ్మదింపజేసే మందులు ఉన్నాయి. తెలిసిన జబ్బుకు మనవాళ్లు బలి కావడమే మాకు బాధ.

ఇక ఆ రెండు పరీక్షలు. ఫోన్లు తీసి రాసుకోండి.

మొదటిది మూత్ర పరీక్ష. పేరు యూరిన్ ఏసీఆర్. మూత్రంలో ఆల్బుమిన్ ఎంత పోతోందో చెబుతుంది. 30 కంటే తక్కువ ఉంటే మామూలు. 30 నుంచి 300 మధ్య ఉంటే కారడం మొదలైందని అర్థం. 300 దాటితే బాగా కారుతోందని. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని బెంబేలెత్తకండి. జ్వరం ఉన్నా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, నెలసరి రోజులైనా, ముందు రోజు ఒళ్లు హూనమయ్యేలా పని చేసినా పెరగవచ్చు. మూడు నుంచి ఆరు నెలల లోపల మళ్లీ చేస్తారు. మూడింట రెండుసార్లు ఎక్కువ వస్తేనే లెక్క. మూత్రంలో పట్టీ ముంచి రంగు చూసే పరీక్ష కొన్నిచోట్ల చేస్తారు. ఏమీ లేనిదానికంటే అదీ నయమే, కానీ మొదట్లో కారే కొద్దిపాటి ఆల్బుమిన్ దానికి అందదు.

రెండోది రక్త పరీక్ష, క్రియాటినిన్. ఇక్కడే చదువుకున్నవాళ్లు కూడా పొరబడతారు. ల్యాబ్ కాగితం మీద అంకె మామూలు హద్దులో ఉంటే సరేనని మడిచి పెట్టేస్తారు. కండ తక్కువగా ఉన్నవాళ్లలో, వయసు మళ్లినవాళ్లలో ఆ అంకె మోసం చేస్తుంది. 65 ఏళ్ల అమ్మకు క్రియాటినిన్ 1.1 వస్తే చాలా ల్యాబుల్లో మామూలుగానే చూస్తారు. వయసు, ఆడా మగా కలిపి ఈజీఎఫ్ఆర్ లెక్క కడితే అది సుమారు 55 వస్తుంది. ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే కిడ్నీ జబ్బు ఉన్నట్టే. 15 కంటే దిగితే కిడ్నీలు దాదాపు చేతులెత్తేసినట్టు. కాబట్టి "క్రియాటినిన్ ఎంత?" అని ఆగకుండా "ఈజీఎఫ్ఆర్ ఎంత?" అని అడగండి. కాగితం మీద లేకపోతే వయసు, క్రియాటినిన్ వేసి ఫోన్లోనే లెక్క కట్టుకోవచ్చు. లెక్క కట్టి ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి.

మనలో ఎక్కువమందికి పెద్దయ్యాక వచ్చే షుగర్, అంటే టైప్ 2. దానికి షుగర్ ఉందని తెలిసిన రోజే ఈ రెండు పరీక్షలూ చేయించాలి, తర్వాత ఏడాదికోసారి. చిన్నతనంలోనే ఇన్సులిన్ మొదలైన టైప్ 1 వాళ్లకు ఐదేళ్ల తర్వాత నుంచి ఏటా.

మన పిల్లలకు ప్రత్యేకంగా ఇంకో మాట. సికిల్ సెల్ మన ఆదివాసీ కుటుంబాల్లో ఉందని మీకు తెలుసు. 2023లో జాతీయ మిషన్ మొదలయ్యాక పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. సికిల్ సెల్ ఉన్నవాళ్లకు, బాగా రక్తహీనత ఉన్నవాళ్లకు మూడు నెలల షుగర్ అని చేసే హెచ్‌బీఏ1సీ పరీక్ష సరైన అంకె చూపకపోవచ్చు. సికిల్ సెల్ కిడ్నీలను కూడా దెబ్బతీయగలదు. షుగర్ పరీక్షకు వెళ్లేటప్పుడు ఆ కార్డు వెంట తీసుకెళ్లి ముందే చూపించండి.

కారడం మొదలైందని తెలిస్తే ఏం చేస్తారు? ఇక్కడే మంచి మాట ఉంది. షుగర్ అదుపు, బీపీ అదుపు మొదటి మెట్టు. బీపీ మామూలుగా 130/80 లోపు ఉండాలంటారు. బీపీ మందుల్లోనే ఎనలాప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ లాంటివి ఆల్బుమిన్ కారడాన్ని తగ్గిస్తాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందులు కిడ్నీ పాడయ్యే వేగాన్ని తగ్గిస్తాయని పెద్ద పెద్ద పరిశోధనల్లో తేలింది. ఒకప్పుడు ఇవి ఖరీదైనవి. పేటెంట్లు ముగిశాక చాలా కంపెనీలు తయారు చేస్తున్నాయి, ధర బాగా దిగింది. అయితే ఈ పేర్లు పట్టుకుని మందుల షాపుకు పోకండి. గర్భంతో ఉన్న చెల్లెళ్లు మొదట చెప్పిన రకం బీపీ మందులు వాడకూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో కొన్ని మందులు ఆపాల్సి ఉంటుంది. కిడ్నీ పని బాగా తగ్గితే మెట్‌ఫార్మిన్ కూడా ఆపుతారు. డాక్టరును అడగడానికే ఈ పేర్లు చెప్పాం.

మా అప్పకు ఆ సంగతి జరిగాక, హాస్టల్లో పనిచేసేవాళ్లందరం పరీక్షలు చేయించుకున్నాం. అప్పటిదాకా పిల్లలకు హిమోగ్లోబిన్ చూడటం తప్ప, వాళ్లకు వండిపెట్టేవాళ్ల ఆరోగ్యం చూడాలని మాకు తట్టలేదు. పదకొండు మందిలో ముగ్గురికి షుగర్ తేలింది. మా వాచ్‌మన్ అన్నకు ఏసీఆర్ 180 వచ్చింది. ఒంట్లో ఏ బాధా లేదు, రాత్రంతా కర్ర పట్టుకుని తిరిగే మనిషి. రెండోసారి చేసినా ఎక్కువే వచ్చింది. మందు మొదలుపెట్టారు, బీపీ అదుపులోకి వచ్చింది. ఆరు నెలలకు ఆ అంకె 70కి దిగింది. జబ్బు పోలేదు, కానీ వేగం తగ్గింది. అప్పకూ అన్నకూ జబ్బు ఒకటే. ఆయనకు మూత్ర పరీక్ష సమయానికి జరిగింది.

ఇంట్లో జాగ్రత్తలు కూడా చెబుతాం.

నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి తరచూ వేసుకుంటే, అందులోనూ షుగర్, బీపీ ఉన్నవాళ్లు వేసుకుంటే, కిడ్నీకి చెరుపు. మా బీరువాలోంచి వాటిని తీసేశాం. పారాసెటమాల్ ఉంచాం, అదీ మోతాదు మించనివ్వం. మీ అమ్మ కొంగు ముడిలో ఏ మాత్ర ఉందో ఒకసారి విప్పి చూడండి.

నాటు మందు. మన పెద్దలకు, దిసారికి తెలిసిన ఆకు, వేరు మీద మాకు గౌరవం ఉంది. అడవి మనకు అన్నం పెట్టింది, ఎన్నో రోగాలకు మందిచ్చింది. అయినా అన్ని మొక్కలూ కిడ్నీకి పడవు. పాము కాటుకని వాడే ఈశ్వరి వేరు, గాడిదగడపాకు ఒకే జాతి మొక్కలు. వాటిలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను దెబ్బతీస్తుందని, క్యాన్సర్ తెస్తుందని శాస్త్రం తేల్చింది. షుగర్ పూర్తిగా పోతుందని సంతల్లో, బస్టాండుల్లో అమ్మే పొడుల్లో, భస్మాల్లో పాదరసం, సీసం ఉండవచ్చు. పెద్దవాళ్లతో గొడవ పడకండి. "తాతా, కిడ్నీ పరీక్ష అయ్యేదాకా ఇది ఆపుదాం" అని నెమ్మదిగా చెప్పండి.

తిండి. మన తాతలు చోడంబలి తాగారు, సామ, కొర్ర తిన్నారు, రోజంతా కొండెక్కి దిగారు. ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నం, బండి మీద ప్రయాణం. రేషన్ బియ్యాన్ని తప్పు పట్టం, ఆకలి రోజుల్లో అదే ఆదుకుంది. అన్నం ముద్ద కొంచెం తగ్గించి, పప్పు, ఆకుకూర కొంచెం పెంచండి. చోడి మంచిదే, కానీ మందు కాదు. చెంబులకు చెంబులు పల్చని అంబలి తాగితే దానితోనూ షుగర్ పెరుగుతుంది. ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములు దాటకూడదు, అంటే ఒక చిన్న చెంచా. ఎండుచేపలు, పచ్చళ్లు, సంతలో చిప్స్ ప్యాకెట్లు, అన్నీ కలిపే ఆ చెంచా. చుట్ట, అడ్డపొగ మానాలి. పొగ కిడ్నీ రక్తనాళాలనూ వదలదు. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు మాత్రం పథ్యం వేరు. వాళ్లకు కొబ్బరినీళ్లు, కొన్ని పళ్లు కూడా ప్రమాదం కావచ్చు. అది డాక్టరు చెప్పినట్టే.

పరీక్షలు ఎక్కడ చేయిస్తారు? ముప్పై దాటినవాళ్లకు షుగర్, బీపీ చూడటం ఆశా, ఏఎన్ఎంల పనుల్లో ఉంది. అక్కడ మొదలుపెట్టండి. షుగర్ తేలితే కిడ్నీ పరీక్షలకు పీహెచ్‌సీ డాక్టరు చేత రాయించుకుని ఏరియా ఆసుపత్రికి వెళ్లండి. అడగనిదే ఎవరూ రాయకపోవచ్చు. అడగడం తప్పు కాదు, అది మన హక్కు. మన అమ్మలు డాక్టరు ముందు నోరు విప్పరు. అక్కడ మీరు పక్కన ఉండాలి. భాష కావాలి, ధైర్యం కావాలి. రెండూ మీకు చదువు ఇచ్చింది.

నవంబరు 14 మనకు బాలల దినోత్సవం. అదే రోజు ప్రపంచ మధుమేహ దినోత్సవం కూడా. ఇన్సులిన్ కనిపెట్టినవారిలో ఒకరైన బాంటింగ్ పుట్టినరోజు అది. ఈ ఏడాది నుంచి ఆ రోజు మా హాస్టల్లో ప్రతి పిల్లకూ ఒక చీటీ ఇస్తాం. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ల పేరు, ఏసీఆర్ ఎంత, ఈజీఎఫ్ఆర్ ఎంత, పరీక్ష తేదీ. నాలుగే గళ్లు. సంక్రాంతి సెలవుల తర్వాత నింపి తేవాలి. మీరంతా మా పాత పిల్లలే కదా, మీకూ అదే హోంవర్క్. ఇంట్లో ఒక్కరి గళ్లు నింపండి. ఆ కాగితం ఫోటో తీసి ఫోన్లో దాచండి. వచ్చే ఏడాది పక్కన పెట్టి చూసుకోవడానికి అది కావాలి.

మా అప్ప ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళుతోంది. ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ మీద. రానూ పోనూ కలిపితే రోజు గడిచిపోతుంది. చికిత్సకు ప్రభుత్వ పథకం ఉంది, పింఛనూ ఉంది. పోయిన పని రోజులు, కొడుకు మానేసిన డ్యూటీలు ఏ పథకంలోనూ రావు. నీళ్లు కొలిచి తాగాలి. సూదులు గుచ్చే చేత్తో బరువెత్తకూడదు. ఏళ్ల తరబడి గుండిగలు దించిన చెయ్యి అది.

మొన్న డయాలసిస్ లేని రోజు హాస్టల్‌కు వచ్చింది. పిల్లలు చుట్టూ మూగారు. కాసేపు పొయ్యి దగ్గర కూర్చుని, కొత్తగా వచ్చిన వంటమనిషి చేత సాంబారు చుక్క అరచేతిలో వేయించుకుని నాకి చూసింది.

"ఉప్పెక్కువైంది పిల్లా, రేపటి నుంచి తగ్గించు" అంది.

తగ్గించాం. సెలవు. జై ఆదివాసీ!